పై అరలోని థ్రాటిల్

ఇసుక గుట్టలెక్కే బళ్ళకు ఇంజన్లు కట్టడంలో ఎడారి ఊరు అల్ ఐన్ షెడ్లలో ఖల్ఫాన్‌ను మించినవాడు లేడు. ఇంజన్లోకి గాలి వదిలే థ్రాటిల్ ఎంత వెడల్పుందో దాని మూతిలో బొటనవేలు తిప్పి చెప్పేస్తాడు. ఈ మూడేళ్ళుగా మాత్రం, కుర్రాళ్ళు ఎంత అడిగినా ఒక సైజు తగ్గించే బిగిస్తున్నాడు. "పెద్దది పెడితే కాలు ఆనించగానే బండి దూకుద్దిరా. గుట్ట కొసన కాలు తీసేలోపే అవతల పడతావ్," అంటాడు. పై అరలో ఒక తొంభై మిల్లీమీటర్ల థ్రాటిల్ ఉంది. రోజూ షెడ్డు తెరవగానే దాని మూతిలో గాలిని ఆపే రేకును వేలితో నొక్కుతాడు. ఎన్నిసార్లు పెట్రోలుతో కడిగినా అందులోంచి సన్నటి ఎర్ర ఇసుక రాలుతూనే ఉంటుంది.

నిన్న హుమైద్ వచ్చాడు. మూడేళ్ళ కిందట గుట్ట కొస దాటి బండితో సహా బోల్తాపడి చనిపోయిన ముసబ్బాకు తమ్ముడు. ఖల్ఫాన్ పోసిచ్చిన ఖహ్వా కాఫీ తాగకుండా గిన్నె నేల మీద పెట్టాడు. అంటే ఏదో అడగడానికి వచ్చాడన్నమాట; అది దక్కేదాకా తాగకపోవడం అక్కడి ఆచారం.

"తాగరా. ఏదడిగినా ఇస్తా," అన్నాడు ఖల్ఫాన్, పై అర వైపు చూడకుండా.

"వస్తువేం వద్దు బాబాయ్. మా అన్న నిన్ను డెబ్బై అయిదే అడిగాడు. తొంభై ఎందుకు పెట్టావ్?"

ఖహ్వా మీద ఆవిరి ఆగిపోయింది.

"ఆ రోజు నేను కట్టిన బండే గెలవాలనిపించిందిరా," అన్నాడు ఖల్ఫాన్ చివరికి.

హుమైద్ చల్లారిన ఖహ్వా ఒక్క గుక్కలో తాగి, ఇక చాలన్నట్టు గిన్నె ఊపి చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

ఈ ఉదయం రేకు నొక్కితే ఇసుక రాలలేదు. ఖల్ఫాన్ మళ్ళీ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.