మంట తెలియని చేతులు

"...కుళాయి పీకేస్తే వీళ్ళు చేతులు దేంతో కడుక్కోవాలంటారు మేడమ్? మజ్జిగతోనా?"

"సబ్బుతో, త్రినాథ్ గారూ. అసలు చేతికి కారమే అంటకుండా చేద్దామనే కదా నేననేది!"

గోడ అవతల సూపర్‌వైజర్ త్రినాథ్, కొత్త ఇంజనీరు హారిక వాదులాడుకుంటున్నారు. ఇవతల తొట్టి ముందు కోటేశ్వరి పార పట్టుకుని నిలబడిపోయింది.

సత్తెనపల్లి శివార్లలోని ఆ ఫ్యాక్టరీలో మిరపపొడిని సాల్వెంటులో, అంటే పెట్రోలులాంటి ద్రావకంలో, నానబెట్టి, రంగూ ఘాటూ ఉన్న నూనె తీస్తారు. మిగిలిన పిప్పిని తొట్టిలోకి వంగి బయటికి లాగడం కోటేశ్వరి పని. ఆరేళ్ళుగా అదే. పనయ్యాక సాల్వెంటు కుళాయి కింద చేతులు పెడితే కారం ఇట్టే వదిలిపోతుంది. ఆ కిటుకు తనకన్నా ముందు నుంచీ అదే తొట్టి దగ్గర పనిచేసిన కరీమున్ నేర్పింది. ప్రత్తిపాడు కల్లాల్లో మిరపకాయల తొడిమలు తీసి, మండే చేతులు మజ్జిగలో ముంచుకుని ఏడుస్తూ పెరిగిన కోటేశ్వరికి అంతకన్నా ఏం కావాలి?

కరీమున్‌కి మొదట కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. తర్వాత చేతిలో గ్లాసు నిలిచేది కాదు. ఇప్పుడు మంచం దిగాలంటే ఇద్దరు పట్టుకోవాలి.

మొన్న ఆదివారం కోటేశ్వరి రోట్లో పండుమిరప పచ్చడి చేత్తో కలుపుతుంటే, "చేతులు మండట్లేదటే నీకు?" అంది అత్త పున్నమ్మ. అప్పుడు చూసుకుంది. మండటం లేదు. గోళ్ళ సందుల్లో కారం రుద్దుకుంది. ఏమీ లేదు. పొరపాటున అదే చెయ్యి కంటికి తగిలితే కన్ను భగ్గుమంది. ఆ రోజు నుంచి నాలుగడుగులకొకసారి కాళ్ళవైపు చూసుకుంటోంది.

"తొట్టి తలుపు తీసేముందు ఆవిరి పట్టి సాల్వెంటంతా వెనక్కి లాగేద్దాం. పిప్పిని మెషీనే బయటికి తోస్తుంది, మనిషి వంగక్కర్లేదు. ఆ తర్వాత నరాల్ని చంపేసే ఈ సాల్వెంటు సంగతీ చూద్దాం," అంటోంది హారిక.

"ఓనరుగారు అడిగింది ఒకటే మేడమ్. ఎవరికేమైంది? ఒక్క పేరు చెప్పమన్నారు. నిన్న మీరే అందర్నీ కూర్చోబెట్టి అడిగారుగా, ఒక్కళ్ళన్నా నోరు విప్పారా?"



నిన్న హారిక పేర్లు రాసుకునే కాయితం పట్టుకుని, ఒక్కొక్కరినీ కళ్ళు మూసుకోమని, వేళ్ళ కొసలకు దూది తాకించి, "తగిలినప్పుడు చెప్పండి," అంది. కోటేశ్వరి అంచనా మీద "ఆఁ, ఆఁ" అంటూ పోయింది. నిజం చెప్తే కరీమున్‌ని పంపినట్టే పనిలోంచి పంపేస్తారు. చెప్పకపోతే కరీమున్‌లాగే మంచం పట్టడమే. 

"ఏంటే కొయ్యబొమ్మలాగా నిలబడ్డావ్? వాళ్ళ గొడవలు మనకెందుకు?" అంటూ సుబ్బరావమ్మ కుళాయి తిప్పి చేతులు పెట్టింది. పనిలో చేరి మూడు నెలలైంది. "అబ్బ! ప్రాణం లేచొచ్చింది. ఈ మేడమ్ ఇది కాస్తా పీకించేట్టుంది!"

ఆమెకు ఆ కిటుకు నేర్పింది కోటేశ్వరే.

గబుక్కున వెళ్ళి కుళాయి కట్టేసింది. "ఒసేయ్, ఇంకా కారం పోలా!" అని సుబ్బరావమ్మ అరుస్తూనే ఉంది. కోటేశ్వరి వంగి కాళ్ళవైపు చూసుకుంది. చెప్పులు రెండూ ఉన్నాయి. గోడ చుట్టూ తిరిగి వెళ్ళి ఇద్దరి ముందూ నిలబడింది.

"నిన్న నేను అబద్ధం చెప్పాను మేడమ్. ఆ కాయితంలో నా పేరు రాయండి."