పాటిగడ్డ మీద శంఖు ముక్క

జనగామలో ఉదయం ఏడింటి ప్యాసింజర్ ఎక్కకముందే ఎండ చురుక్కుమంది. మే నెలలో మహదేవపూర్ పోవాలనుకునేవారు నీళ్లు ఒక సీసా కాదు, రెండు పెట్టుకోండి. నేను బడిలో సోషల్ చెప్తాను. ఇంత ఎండలో నన్ను ఇల్లు కదిలించింది మా బళ్లో లెక్కలు చెప్పే రజిత.

సెలవులకు ముందు ఒకరోజు ఆమెకు మధ్య అమెరికాలోని మాయా ప్రజల పాతకాలపు సముద్ర వ్యాపారం గురించి చెప్తున్నాను. తీరం వెంబడి ఊళ్లు కట్టుకుని, ఉప్పు వండి, దుంగ పడవల్లో దూరదూరాలకు తీసుకుపోయి అమ్ముకున్నారట. ఇప్పుడు ఆ ఊళ్ల జాడ చాలావరకు కుండ పెంకుల్లోనే దొరుకుతోంది. రజిత అంతా విని, "మా అత్తమ్మ చేన్ల పాటిగడ్డ మీద గూడ పెంకులు ఎల్తయి, శంఖు ముక్కలు ఎల్తయి. కాని జల్ది పోవాలె. మిగిలింది గూడ గీ యేడు తోలేస్తరు" అంది.

పాటిగడ్డ అంటే ఎప్పుడో పాడుబడ్డ ఊరి దిబ్బ. బూడిద, పెంట, ఎముకలు కలిసిన ఆ మన్ను పంటకు బలమని మా దిక్కు రైతులు చేన్లకు తోలుకుంటారు. తాతల నాటి అలవాటు, తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఆ మన్నుతోపాటు ఊరి కథ కూడా పోతుంది.

కాజీపేటలో దిగి, ఆటోలో హనుమకొండ బస్టాండు చేరాను. కాళేశ్వరం బస్సులో ఆధార్ చూపించగానే జీరో టికెట్ ఇచ్చారు, ఆడవాళ్లమైన పుణ్యం. పరకాలలో ఎక్కి నా పక్కన కూర్చున్న అవ్వ, ఎక్కడికని అడిగింది. చెప్పాను.

"మన్ను జూడనీకి బస్సెక్కినవా బిడ్డా? మీ జనగామల మన్ను లేదా?"

ముందు సీట్లవాళ్లు కూడా నవ్వారు. నాకూ నవ్వాగలేదు. భూపాలపల్లిలో దిగుతూ ఆమె నా ఒళ్లో రెండు మామిడిపండ్లు పెట్టి పోయింది.

మహదేవపూర్ చేరేసరికి ఒంటిగంట. రజిత అత్తగారు లక్ష్మమ్మ నన్ను చేనుకు పోనిస్తేనా! ముందు పచ్చిపులుసుతో కడుపు నిండా అన్నం పెట్టింది. ఆ ఎండకు అది అమృతం.

ఇద్దరం పోయేసరికి చేన్లో ట్రాక్టర్ ఆగి ఉంది. డ్రైవర్ మల్లయ్య పారలు దించుతున్నాడు. దిబ్బ చాలావరకు ఎప్పుడో పోయింది, మిగిలింది ఒక ఇంటి వాకిలంత. నా ప్రాణం ఉసూరుమంది. తవ్విన అంచు వెంబడి గబగబా నడిచాను. ఎర్ర పెంకులు, నల్ల పెంకులు, వాటి మధ్య తెల్లగా విరిగిన చేతిగాజు ముక్క. శంఖును కోసి చేసినది. ముట్టుకోకుండా లక్ష్మమ్మను పిలిచాను.

"గిది సముద్రపు శంఖు పెద్దమ్మా. ఏ కాలంలనో ఎవరో ఇంత దూరం మోసుకొచ్చిండ్రు. గీ ఊరామె ఎవరో తొడుక్కున్నది."

ఆమె వంగి చాలాసేపు చూసింది. "సముద్రం నేను జూడనే లేదు. గది నా చేన్లకే వచ్చిందా? లోపల ఇంక ఉన్నయా?"

"ఉండొచ్చు. తెలిసినోళ్లు పొర తర్వాత పొర తవ్వితే ఎవరితోని వ్యాపారం చేసిండ్రో, ఏం తిన్నరో తెలుస్తది. తోలితే ఇంకెన్నటికి తెల్వది."

లక్ష్మమ్మ కొంగు దులుపుకుని లేచింది. "మల్లయ్యా, ట్రాక్టర్ మలుపు. గీ యేడు ఈ మన్నుకు బదులు పెంట తోలుదాం."

"పెంట కొనాలె గద పెద్దమ్మా?"

"కొంట. నువ్వయితే మలుపు." తర్వాత నా వైపు తిరిగింది. "ఒక్క యేడే బిడ్డా. నా చేను గూడ బతకాలె గద. మళ్ల ఎండకాలం లోపల ఎవర్నన్న తోలుకరా."

నాకు కళ్లనీళ్లు వచ్చాయి. దండం పెట్టబోతే చేతులు పట్టుకుని, చాయ్ తాగి పొమ్మంది.

తిరుగు బస్సు నాలుగింటికి దొరికింది. కాటారం వచ్చేలోపు, తెలిసిన ఒక పురావస్తు ఆచార్యుడికి మూడుసార్లు ఫోన్ చేశాను. ఈ దారిలో పండ్లు పెట్టినవారు, అన్నం పెట్టినవారు, అందరూ నాకేమీ కానివాళ్లే. ఎవరి రుణమూ తీర్చలేను, ఈ ఫోనైనా వదలకూడదనుకున్నాను. నాలుగోసారికి ఎత్తి, అంతా విన్నాడు.

"చేతినిండా పనులున్నాయమ్మా. వచ్చే యేడాది చూద్దామా?"

"లేదు సార్" అన్నాను. "ఈ యేడాదిని ఆమె పెంట కొని మనకిచ్చింది."

ఆయన మహదేవపూర్‌కు బస్సులు ఎప్పుడెప్పుడున్నాయని అడిగాడు.