చేతులెత్తించిన బండి

మొన్న హన్మకొండ చౌరస్తాలో నేనెక్కిన ఆటో పక్కనే ఒక మోటార్‌సైకిల్ వచ్చి ఆగింది. ఎత్తైన హ్యాండిల్, కిందికి దిగిన సీటు, బాగా ముందుకు సాగిన చక్రం. దాని మీద కుర్రాడు పడక్కుర్చీలో ఉన్నట్టు వెనక్కి వాలి, రెండు చేతులూ పైకి పెట్టుకుని హాయిగా కూర్చున్నాడు. "మస్తుగున్నది గదక్కా బండి! కంపెనీలనే గట్ల చేసిస్తాండ్రు" అని ఆటో అతను ముచ్చటపడ్డాడు. చుట్టూ ఒక్కరూ నవ్వలేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. పాపం ఆ కుర్రాడి మీద కాదు. ఎప్పుడో పోయిన మా తాత మీద, ఆయన్ని వణికించిన మా బజారు మీద.

ఎనభైల మొదట్లో వరంగల్ స్టేషన్‌కు దగ్గర్లో మాకు పత్తి, ధాన్యం కొనే దుకాణం ఉండేది. గద్దె మీద తాత, పక్కన నాన్న, ఓ మూలన బాబాయి. ముప్పై దగ్గరపడుతున్నా బాబాయి ఏ చొక్కా తొడుక్కోవాలో తాతే చెప్పేవాడు. కేసముద్రం మార్కెట్‌లో సరుకు కొనే పనైనా తనకు వదిలెయ్యమని బాబాయి చాన్నాళ్లు బతిమాలాడు. చివరికి తాత ఒప్పుకుని, తిరగడానికి బండి కూడా కొనుక్కోమన్నాడు. స్కూటర్ వస్తుందని మేమంతా అనుకుంటే, మొన్న చౌరస్తాలో చూసినలాంటి బండే వచ్చింది. పేరున్న కంపెనీయే, ఫారిన్ ఫ్యాషన్ చూసి ఫ్యాక్టరీలోనే పొడుగు హ్యాండిల్ బిగించి అమ్మిన బండి. తాత దాని చుట్టూ తిరిగి, "ఎవడ్రా దీన్ని ఖరాబు చేసింది?" అన్నాడు. "ఎవలు చెయ్యలే నాయినా, కంపెనీ నుంచే గిట్ల వచ్చింది" అన్నాడు బాబాయి. "అయితే కంపెనోడు తాగి చేసుంటడు" అని తేల్చేసి తాత లోపలికి వెళ్లిపోయాడు.

గద్దె దగ్గర గొంతు పెగలని మనిషి ఆ బండెక్కితే గట్టిగా పాడేవాడు. ఇంటర్ చదువుతున్న నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఖిలా వరంగల్ కోట దాకా తీసుకెళ్లాడు. దుమ్ము కళ్లలో పడుతోంది, ఇంజన్ వేడి కాళ్లకు తగులుతోంది, అయినా దిగబుద్ధి కాలేదు. "ఇగ కేసముద్రం పని నాది బిడ్డా. నాకు మంచిగనిపించిన పత్తి నేనే కొంట, ఎవల్ని అడగ" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను సొంతంగా తీసుకున్న నిర్ణయాలు ఆ బండి, ఆ పత్తి, అంతే.

వ్యాపారుల బజారులో చేతులెత్తెయ్యడమంటే దివాలా తియ్యడం. మా ఎదురు దుకాణం సేటుని మేం మామా అని పిలిచేవాళ్లం. బాబాయి వీధిలోంచి వెళ్లినప్పుడల్లా ఆయన చాయ్ గ్లాసు పట్టుకుని, "చూసిండ్రా, సేటు కొడుకు చేతులెత్తి పోతాండు!" అనేవాడు. రోజూ అదే హాస్యం, రోజూ అదే పగలబడి నవ్వడం. హమాలీలు నవ్వారు, లారీ డ్రైవర్లు నవ్వారు. లారీలతోపాటు ఆ మాట కేసముద్రం చేరింది. దారిలో బండి సంగతి ఎక్కడో రాలిపోయి, చేతులెత్తిన సంగతి ఒక్కటే మిగిలింది. ఒకరోజు పొద్దున్నే, మా నుంచి సరుకు డబ్బులు రావలసిన రైతులు దుకాణం ముందు గుంపు కట్టారు. "సేటూ, మీరు చేతులెత్తిండ్రట గదా?" అన్నాడు వాళ్లలో పెద్దాయన. తాత మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మామ ఎదురుగా చాయ్ తాగుతూ అంతా చూస్తున్నాడు. రోడ్డు దాటి వచ్చి, నేను నవ్వులాటకు అన్నానని ఒక్క ముక్క చెప్పొచ్చు. చెప్పలేదు, దుర్మార్గుడు!

తాత గోదాము తలుపులు తీసి సరుకు చూపించాడు. రైతులు నమ్మి వెళ్లిపోయారు. అంతటితో అయిపోవలసిన సంగతి. కానీ మర్నాడు బాబాయిని బస్సులో కేసముద్రం పంపించి, తాత వెల్డింగ్ అతన్ని పిలిపించాడు. "కంపెనోడు తప్పు చేసిండు, సక్కగ చెయ్యి" అన్నాడు. బండి కదలకుండా నాన్న పట్టుకున్నాడు. "బాబాయి వచ్చినంక అడుగుండ్రి తాతా" అని నేనంటే, "నీకేమెరుక, లోపలికి పో" అని కసిరాడు. హ్యాండిల్ రెండు పక్కలా కోసి పొట్టిగా అతికించారు. తీగలు చుట్టలు పడి వేలాడాయి. తిప్పితే హ్యాండిల్ మోకాలికి తగులుతోంది.

సాయంత్రం బాబాయి వచ్చాడు. అతికిన చోట చేత్తో తడిమి చూశాడు. తాతకు ఎదురుగా నిలబడి, అరవకుండా, "చేతులెత్తింది నేను కాదు నాయినా, నువ్వు. గా బజారోళ్లకు చేతులెత్తినవ్" అన్నాడు. తాత తల తిప్పుకున్నాడు. బాబాయి తాళంచెవి గద్దె మీద పెట్టేశాడు. కేసముద్రం పని కూడా అప్పుడే వదిలేశాడు. కొత్త హ్యాండిల్ తెప్పించుకోమని నేను పోరితే, "హ్యాండిల్ దొరుకుతది బిడ్డా, మళ్ల కోస్తరు" అన్నాడు. బండి మీద గోనెసంచులు పేరుకున్నాయి. బాబాయి ఆ మూలనే కూర్చుని ముసలివాడై, మొన్నటేడు పోయాడు.

చాలా ఏళ్ల తర్వాత ఒక పెళ్లి బంతిలో ఆ మామ ఇదంతా తమాషా కథలా చెప్పి అందర్నీ నవ్వించాడు. మర్యాదకు బాబాయీ నవ్వాడు. నేను మాత్రం విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. మామ పోయాడు, తాత పోయాడు, దుకాణం చేతులు మారింది, మా మాట పట్టించుకునేవాళ్లే ఆ వీధిలో లేరు. ఆ నోళ్లన్నీ కాలం ఒక్కొక్కటిగా మూయించింది, కానీ వాటికి భయపడి మేం తీసేసుకున్న వయసును బాబాయికి తిరిగి ఇవ్వడం దాని చేతా కాలేదు.