చిగురొచ్చిందా?

ఇవాళ దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు పక్క వేపకొమ్మలు కొట్టారు. ఆ పచ్చి చెక్క వాసనకు మా నాయన గుర్తొచ్చాడు.

ఆయనదీ చెట్లెక్కి కొమ్మలు కొట్టే పనే. కొట్టినచోట పేడలో పసుపు కలిపి పూసేవాడు. “పుండుకు మందు పెట్టాలె యాదన్నా, అప్పుడే మళ్ల చిగురొస్తది” అని తోటి పనివాడికి చెబుతుంటే విన్నాను.

నా చిన్నప్పుడు ఒకసారి రంపం జారి నాయన రెండు వేళ్లు తెగిపోయాయి. దవాఖాన నుంచి రాగానే పేడ, పసుపు కలిపి తెచ్చాను. కాదనకుండా కట్టు మీద పూయించుకున్నాడు.

“చిగురొచ్చిందా నాయినా?” అని రోజూ పొద్దున్నే అడిగేదాన్ని.

“ఇంకా రాలే బిడ్డా. చలికాలం గదా, జర ఆలస్యమైతది.”

ఆయన మళ్లీ చెట్టెక్కలేదు. ఎండాకాలానికి నేను అడగడం మరిచిపోయాను. ఒక పొద్దున ఆయనే చెయ్యి చాపాడు. “ఇయ్యాల చూడవా బిడ్డా?”

ఆటకు పరుగెత్తాను. ఆ చెయ్యి ఎంతసేపు అట్లాగే చాపి ఉంచాడో తెలియదు.