శనివారం ఇనుము

తాలూకాఫీసులో రోజంతా కుర్చీలో కూర్చోవడం నాకు శిక్షే. సాయంత్రం ఐదైతే చాలు, బాపట్లలో మా అద్దె ఇంటి పెరటి వసారాలోకి పోయి చెక్క ముందేసుకునేవాణ్ణి. పీటలు, అలమర్లు, ఒకటి రెండు కుర్చీలు. చిత్రిక పడుతున్నంతసేపే నా మనసు నా మాట వినేది. కానీ చేతి రంపంతో తిన్నగా కోయడం మాత్రం ఈ జన్మకి రాలేదు. నేను చేసిన పీటల మీద భోజనానికి కూర్చున్న చుట్టాలు పెరుగన్నం అయ్యేదాకా అటూ ఇటూ ఊగుతూనే ఉండేవారు.

డెబ్భైల మొదట్లో సంగతి ఇది. మా ఆవిడకి తొమ్మిదో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి ఏడో నెలలో పోయింది. ఈసారి బిడ్డ బతికి బట్ట కట్టాలి, మా ఇద్దరికీ లోకంలో ఇంకో కోరిక లేదు. వేటపాలెం నుంచి మా అత్తగారు వచ్చి దగ్గరుండి చూసుకుంటున్నారు. తల్లీకూతుళ్ళు తుమ్ము వినపడినా బల్లి పలికినా మొహమొహాలు చూసుకునేవారు. నేను గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి వీధిలోకి కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి.

"నొప్పేమైనా ఉందా?" అని మాటిమాటికీ అడిగేవాణ్ణి.

"మీరు అడిగినప్పుడల్లా వస్తోందండీ," అనేది మా ఆవిడ.

సరిగ్గా అప్పుడే రేపల్లెలో ఒక పాత రంపం మిషను అమ్మకానికి ఉందని తెలిసింది. తలుపులూ కిటికీలూ చేసే షాపు ఒకటి ఎత్తేస్తున్నారట. అది మామూలు మిషను కాదు. గుండ్రటి రంపం పక్కన బల్లలో సగభాగం ముందుకీ వెనక్కీ జరుగుతుంది. చెక్కని దాని మీద బిగించి తోస్తే చాలు, నాలాంటి వంకర చేతివాడికి కూడా తిన్నగా తెగుతుంది. పైగా చిన్న మోటారు, ఇంటి కరెంటుకే తిరుగుతుంది. ఈ సంగతి విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు.

"జారుడు బల్ల ఉన్న రంపమే!" అని మా ఆవిడకి సంబరంగా చెప్పాను.

ఆవిడ మొహం పాలిపోయింది. "జారుడు బల్లేంటండీ? మతి పోయిందా మీకు? కాన్పు కాకుండా పిల్లల వస్తువులు ఎవరైనా కొంటారా?"

అది పిల్లలు జారేది కాదు తల్లీ, చెక్కలు కోసేది అని నచ్చచెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

ఆ ఆదివారమే తెనాలిలో రైలు మారి రేపల్లె వెళ్ళాను. షాపు యజమాని పెద్దాయన, కుంటుకుంటూ వచ్చి మిషను వేసి చూపించాడు. టేకు ముక్క ఒకటి బల్ల మీద పెట్టి తోశాడు. తెగిన అంచు మీద బొటనవేలు రాసి చూసుకున్నాను. ఎక్కడా గరుకు లేదు, వంకర లేదు. నా దుంప తెగ, ఇన్నాళ్ళూ నేను చేసింది కోయడమా కొరకడమా అనిపించింది. బేరం చిటికెలో కుదిరిపోయింది.

"ఇప్పుడే తీసుకెళ్తాను బాబాయిగారూ," అన్నాను.

"ఇవాళ కాదండి. శనివారం రండి."

"శనివారమే ఎందుకండీ?"

"దీన్ని నేను శనివారం నాడే ఇంటికి తెచ్చానండి, బుద్ధి గడ్డి తిని. అప్పట్నుంచీ చూస్కోండి, పాడిగేదె పోయింది, మోకాలు విరిగింది, షాపు మూలపడింది. శనివారం వచ్చిన ఇనుము శనివారమే బయటికి పోవాలండి. అప్పుడు దాంతోపాటు ఆయన కూడా పోతాడు."

"ఆయనెవరు?"

"ఇంకెవరండీ, శనీశ్వరుడు."

"మరి మా ఇంటికొస్తాడు కదండీ?"

పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. "మీరు చదువుకున్నోళ్ళు కదండీ, మీకు అయ్యన్నీ ఏం పట్టవు. శనివారం మీరు రాకపోతే తెనాలి కలప అడితివాళ్ళు పట్టుకుపోతామన్నారు మరి."

ఇంటికొచ్చి చెప్పగానే మా ఆవిడ ఒంటికాలి మీద లేచింది. శనివారం ఇనుము ఇంటికి తెస్తే శని వెంట వస్తాడన్నది ఆవిడ పుట్టింటివాళ్ళకి గట్టి పట్టింపు. గుండుసూది కూడా కొననివ్వరు. శని అంటే ఆకాశంలో ఒక గ్రహమే అని నేను వాదించాను. "గ్రహమే కదండీ మరి, అందుకే భయం," అంది. మా అత్తగారు గోడవైపు తిరిగి కళ్ళొత్తుకున్నారు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడోనాడు మా ఆవిడే దారి చెప్పింది.

"శనివారం ఆ షాపాయన గుమ్మం దాటించండి. ఆదివారం మన గుమ్మం దాటించండి. మధ్యలో ఎక్కడ పెట్టుకుంటారో మీ ఇష్టం. డాక్టరమ్మ ఇంకా పదిహేను రోజులు పడుతుందని చెప్పిందిగా, వెళ్ళి రండి. ఎదురుగా ఇలా తిరుగుతుంటే నా ప్రాణం పోయేట్టుంది."

శనివారం పొద్దున్నే బయల్దేరాను. తెనాలిలో రేపల్లె బండి ఎంతకీ రాదు. ప్లాట్‌ఫారం ఈ కొసనుంచి ఆ కొసకి తిరిగాను, కాఫీ మీద కాఫీ తాగాను. ఇంట్లో ఏం జరుగుతోందో అని ఒకటే గుబులు. ఇంతలో బాపట్ల వైపు వెళ్ళే రైలొచ్చి ఆగింది. మెట్టు మీద కాలు పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టబోయేసరికి అది కదిలిపోయింది. సరే కానిమ్మని రేపల్లె బండే ఎక్కాను.

పెద్దాయన బాపట్ల వెళ్ళే లారీ ఒకటి మాట్లాడిపెట్టి, మిషనుకి బొట్టు పెట్టి అందులో ఎక్కించాడు. లారీ కదిలీ కదలగానే చెంబుడు నీళ్ళు తెచ్చి ఆ మిషను ఉన్న చోటు శుభ్రంగా కడిగేశాడు. ఆ కడగడం చూశాక, శని గ్రహమేనని వాదించిన పెద్దమనిషిని, దారి పొడుగునా వెనక్కి తిరిగి మిషను వంక చూస్తూ, "నువ్వు ఇక్కడే ఉండు నాయనా, ఇవాళ మా ఇంటివైపు రాకు," అనుకుంటూ కూర్చున్నాను.

లారీ చెరుకుపల్లిలో రైసుమిల్లు దగ్గర ఆగింది. రాత్రికి అక్కడే ఉండి, తవుడు ఎక్కించుకుని మర్నాడు పొద్దున్నే బాపట్ల వస్తుందన్నమాట. మిల్లు ఎదురుగా బాపట్ల బస్సు నిలబడి ఉంది. నేను ఆ బస్సులో ఇంటికి పోయి, మిషను సంగతి లారీ డ్రైవరుకి వదిలెయ్యచ్చు. ఎక్కాను కూడా. సీట్లో కూర్చున్నాక నా చేతులు చూసుకున్నాను. మిషను ఎక్కిస్తుంటే అంటుకున్న తుప్పు గోళ్ళ సందుల్లో, చొక్కా మీద, మోచేతులదాకా. ఇది కూడా శనివారం ఇనుమే కదా అని తట్టింది. గబగబా దిగి మిల్లు కుళాయి దగ్గర చేతులు రుద్దాను. చేతులకి పోయింది గానీ చొక్కాకి పోలేదు. కండక్టరు రెండుసార్లు పిలిచి, తిట్టుకుంటూ బెల్లు కొట్టేశాడు.

నవ్వుకుంటే నవ్వుకోండి. ఏడో నెలలో పోయిన బిడ్డని గుడ్డలో చుట్టి మోసుకెళ్ళినవాణ్ణి నేను. ఆ రోజు తుప్పుకే కాదు, గాలికి కూడా భయపడేవాణ్ణి. ఆ సాయంత్రమంతా లారీ చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. డ్రైవరు విసిగిపోయి, "ఏంటి సార్, మీ మిషన్ని ఎవరూ ఎత్తుకుపోరులెండి, కూర్చోండి," అన్నాడు.

ఆదివారం పొద్దున లారీ మా వీధిలోకి వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. ఎదురింటి పిన్నిగారు ముగ్గు వేస్తున్నదల్లా లేచి నిలబడింది.

"ఇప్పుడా బాబూ రావడం? నిన్న దీపాలవేళ నొప్పులొస్తే రిక్షాలో ఆస్పత్రికి తీసుకుపోయారు."

"ఎలా ఉందండీ?"

"కబురేం తెలీలేదు నాయనా."

వెనకనుంచి డ్రైవరు, "సార్, మిషను ఎక్కడ దించమంటారు?" అని అరిచాడు. "గంగలో దించు!" అని నేనూ అరిచి, ఆస్పత్రికి పరుగెత్తాను.

వరండాలో మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. గోడ పట్టుకున్నాను.

"ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు," అన్నారావిడ.

"మరి ఏడుస్తారేంటండీ!"

"బాగున్నారనే నాయనా."

లోపల మా ఆవిడ కళ్ళు మూసుకుని పడుకుంది. పక్కన పిల్ల. ఎర్రటి మొహం, కణతల మీద రెండువైపులా కమిలిన మచ్చలు. నేను కంగారుగా వాటిని చూపిస్తే నర్సమ్మ, "రాత్రి పదైనా బిడ్డ కిందికి దిగలేదండి. డాక్టరమ్మ పటకార్లేసి లాగింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు. ఆ మచ్చలు నాలుగు రోజుల్లో పోతాయిలెండి," అంది.

"పటకార్లంటే?"

"ఇనప పటకార్లేనండి."

నేను మంచం అంచున కూలబడ్డాను. మా ఆవిడ కళ్ళు తెరిచి, "మిషను వచ్చిందా? లోపల పెట్టించారా?" అని నీరసంగా అడిగింది.

"దాన్ని ఎక్కడ దించాడో కూడా తెలీదు. అది సరేగానీ, నిన్న శనివారమే," అన్నాను. "శనివారం నాడు ఇనుమే కదే మన పిల్లని లాక్కొచ్చింది."

ఆవిడ పిల్ల కణతల మీద మచ్చల్ని వేలి కొసతో మెల్లిగా తడిమింది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి జారిపోతున్నాయి.

"ఆ పటకార్లు ఎక్కడ పెట్టారో అడగండి," అంది. "నేను లేవలేను. మీరెళ్ళి దణ్ణం పెట్టుకుని రండి."

నర్సమ్మ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది గానీ, పక్క గదిలోకి తీసుకెళ్ళి చూపించింది. వెడల్పాటి గిన్నెలో మరిగే నీళ్ళలో ఉన్నాయి, పొడుగాటి గరిటెలు రెండు కలిపినట్టు. "వేడిగా ఉన్నాయి సార్, ముట్టుకోకండి," అంది. నేను చెప్పులు బయట విడిచి వచ్చి, రెండు చేతులూ జోడించాను.