‘వ’ లేని తాళంచెవి

ఇప్పుడంటే ఒక్క మీట నొక్కితే రూటర్లు వాటంతటవే మాట కలుపుతున్నాయి గాని, ఆ రోజుల్లో రెండు రూటర్లను కలపడం పెళ్లి సంబంధం కుదర్చడమంత పని. అటువాళ్ల చిరునామా ఇటు రాయాలి, ఇటువాళ్లది అటు రాయాలి, ఇద్దరి పద్ధతులూ కలవాలి, చివరికి తాళంచెవిలాంటి ఒకే రహస్యమాట రెండు వైపులా కొట్టాలి. కొట్టిన మాట తెరమీద కనబడదు, చుక్కలే కనబడతాయి. ఒక్క అక్షరం తేడా వచ్చినా సంబంధం చెడుతుంది, ఎందుకు చెడిందో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ విద్య నేను అమీర్‌పేటలో నేర్చుకుని కోరుట్లకు తిరిగొచ్చాను. విద్యతో పాటు అక్కడి భాష కూడా అంటించుకొచ్చానని మా అమ్మ ఫిర్యాదు. (“నాల్గు దినాలు పట్నంల ఉంటె మన మాట చేదైందా కొడుకా?” అనేది.)

జగిత్యాలలో ఒక రిటైర్డు తెలుగు మాస్టారు, మేమందరం పెద్దసారు అనేవాళ్లం, గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్ల కోసం చిన్న సహాయకేంద్రం నడిపేవారు. నా మొదటి ఉద్యోగం అక్కడే. గల్ఫ్‌లో ఒక క్యాంపు ఉండేది. కంపెనీ మూతపడి, పాస్‌పోర్టులు యజమాని దగ్గరే ఉండిపోయి, ఇంటికి రాలేని మనవాళ్లు అందులో ఉండేవారు. శుక్రవారాలు ఒక వాలంటీరు అక్కడికి లాప్‌టాప్ పట్టుకెళ్లేవాడు. అతను సాయంత్రపు అసర్ నమాజుకు లేచేదాకా వాళ్లు మా కంప్యూటర్‌లో ఇంటివాళ్ల ముఖాలు చూసుకుని మాట్లాడేవారు. సిరిసిల్ల దిక్కు ఆడవాళ్లు జగిత్యాల దాకా రాలేకపోతున్నారని పెద్దసారు అక్కడ కూడా ఒక గది తీసుకున్నారు. ఆ గది కంప్యూటర్‌ను మా దానితో కలపాలి, అదీ గుట్టుగా కలపాలి. క్యాంపులోవాళ్ల గోడు ఆ యజమాని చెవిన పడితే ఉన్న తిండి కూడా పోతుంది. “సెక్యూర్ టన్నెల్ కట్టాలి సార్” అన్నాను ఠీవిగా. పెద్దసారు దాన్ని సొరంగం అని తెనిగించారు. సిరిసిల్ల గది చూసుకునే భాయ్ ఆ ముక్కను వాడకట్టంతా చెప్పేశాడు.

అలా విని మొట్టమొదట వచ్చింది తంగళ్ళపల్లి అక్క. సాంచాలు, అదే మరమగ్గాలు, నడవక ఆమె భర్త మగ్గాల షెడ్డు వదిలి గల్ఫ్ పోయాడు. కొన్ని వారాలుగా ఫోన్ లేదు. జబ్బు పడ్డాడని ఒకరు, అసలు మనిషే లేడని ఇంకొకరు ఊళ్లో గుసగుసలు. మంచంలో ఉన్న అత్తను పక్కింటివాళ్లకు అప్పజెప్పి వచ్చి కూర్చుంది. “గా సొరంగంల మా ఆయన ఎట్ల పడ్తడు సారు?” అని ఆమె భాయ్‌ను అడగడం నాకు ఫోన్‌లో వినిపించింది. నవ్వొచ్చింది గాని, గొంతులోని వణుకు విని ఊరుకున్నాను.

“భాయ్, రహస్యమాట చెప్తున్న, కొట్టు. ‘అచ్చిండు’. ఇంగ్లీషు చిన్నక్షరాలు.”

“స్పెల్లింగ్ ఏంది తమ్మీ?”

“స్పెల్లింగ్ చెప్తే అందరు వింటరు. ఎట్ల పలుకుతే గట్లనే కొట్టు.” (మాటను అరిచి చెప్పి అక్షరాలను దాచడం ఏం గుట్టో నాకు నేటికీ అర్థం కాదు.)

రూటర్ మీది ఎర్రదీపం పచ్చగా మారలేదు. చిరునామాలు చూశాను, పద్ధతులు చూశాను, తీగ పీకి మళ్లీ గుచ్చాను. భాయ్ మళ్లీ కొట్టాడు, నేనూ మళ్లీ కొట్టాను. ఇటు మా తెరమీద ఆమె భర్త కూర్చునే ఉన్నాడు, చిక్కి సగమయ్యాడు. “బతికే ఉన్నడక్కా, మాట్లాడు” అని ఫోన్‌ను స్పీకర్ దగ్గర పెట్టాను. జ్వరానికి అతని గొంతు బొంగురుపోయింది. “గొంతు ఎవలదన్న గావచ్చు. నాకు మొఖం చూపెట్టుండ్రి” అంది. అటు వాలంటీరు నమాజు వేళవుతోందని సైగ చేస్తున్నాడు. ఫోన్‌లో ఆమె భాయ్‌ను పట్టుకుని అడుగుతూనే ఉంది, “అచ్చిండా సారు? అచ్చిండా?”

అప్పుడు తట్టింది. నా నోరు కోరుట్లది, వేళ్లు అమీర్‌పేటవి! నోటితో ‘అచ్చిండు’ అన్నాను, వేళ్లతో మాత్రం ముందు ఒక ‘వ’ తగిలించి ‘వచ్చిండు’ అని కొడుతున్నాను. పాపం భాయ్ నేను పలికినట్టే కొట్టాడు. ఆ ఒక్క అక్షరం తీసేశాను. దీపం పచ్చబడింది.

ఫోన్‌లో అక్క గొంతు, “గడ్డం గట్ల పెంచినవేందయ్యా?” ఆ వెంటనే ఏడుపు. నేను ఫోన్ పెట్టేసి, మా స్పీకర్ కూడా ఆపి పక్క గదిలోకి పోయాను.

సంగతి చెబితే పెద్దసారు పడీపడీ నవ్వారు. “నౌకరి చేసినన్ని దినాలు, పిల్లలు ‘అచ్చిండు’ అని రాస్తె ఎర్రసిరతోని ‘వ’ పెట్టిన. ఇయ్యాల ఒక్కటన్న తీపిచ్చినవ్, మంచిదైంది” అన్నారు. ఇప్పుడు నేను పనిచేసే చోట రహస్యమాటలు యంత్రమే ఇస్తుంది, మనిషి నోరు తిరగనివి. అయినా కొత్త రూటర్ ముందు కూర్చుంటే వేళ్లు మొదట ఆ పాత మాటకే పోతాయి. (ఈ కథంతా ‘వచ్చాడు, వచ్చింది’ అనే రాశాను, చూశారుగా, బుద్ధి పూర్తిగా మారలేదు.)

అసలు చెప్పాల్సింది మిగిలిపోయింది. కొన్ని నెలల తర్వాత, కోరుట్లలో ఇంట్లో ఉండగా భాయ్ ఫోన్ చేశాడు. హలో లేదు, ఏం లేదు. “తమ్మీ, అచ్చిండు.”

“లింకా భాయ్?”

“లింకు గాదు, మనిషి! గిప్పుడే బస్సు దిగిండు.”

నేను వంటింట్లోకి పరుగెత్తి, “అమ్మా, అచ్చిండే! తంగళ్ళపల్లి అక్క పెనిమిటి ఇంటికచ్చిండు!” అని అరిచాను. అమ్మ పొయ్యి మీద రొట్టె తిప్పుతూ నా ముఖంలోకి చూసి, “నువ్వు గూడ అచ్చినవ్ తియ్ కొడుకా” అంది. అప్పుడు మూతి ముడుచుకున్నాను గాని, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అమ్మ ఆ మాట మళ్లీ ఒక్కసారి అంటే బాగుండుననిపిస్తుంది.