మాస్టారు బాగుచేసిన చిలక

మాస్టారు పోయారన్న సంగతి నాకు మొదట అర్థమే కాలేదు. పొద్దున ఎనిమిదింటికి ఆయన భార్య ఫోన్ చేసి, "అయిపోయిందమ్మా" అంది. రెండు నెలలుగా నా చిలక వాళ్లింట్లో రిపేరుకు ఉంది. నేను సంబరపడిపోయి, "అయిపోయిందా అత్తమ్మా! సాయంత్రం వచ్చి తీస్కపోతా" అన్నాను. ఆవిడ మెల్లగా, "చిలక కాదమ్మా, మీ మాస్టారు" అంది. నా ఆ తొందరపాటు మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

చిలకంటే చెక్క చిలక. మా నాన్న బడుల్లో మ్యాజిక్ చేసే రోజుల నాటిది. ఒక పలక మీద రెండు గుండ్రాలుంటాయి. ఒకదాని చుట్టూ ప్రశ్నలు, రెండోదాని చుట్టూ జవాబులు. ప్రశ్నల మధ్యనున్న గాడిలో పీట కదలకుండా చిలకను మాత్రం ఒక ప్రశ్న వైపు తిప్పి, పీటతో సహా ఎత్తి, జవాబుల మధ్యనున్న అద్దం మీద పెడితే, అది తనంతట తానే తిరిగి సరైన జవాబుకు ముక్కు చూపించి ఆగుతుంది. చిలక పీటలో ఒక అయస్కాంతం, అద్దం కింద ఇంకొకటి, అంతే కిటుకు. జూబ్లీహిల్స్ ఇళ్లలో పుట్టినరోజులకు నేను చేసే షోలో పిల్లలు అడిగి మరీ చూసేది దాన్నే. నాన్న వస్తువుల్లో నాకు మిగిలింది కూడా అదొక్కటే. ఈమధ్య అది బద్ధకించి, సగం తిరిగి ఆగిపోవడం మొదలుపెట్టింది.

అలాంటివాటికి ఫిల్మ్‌నగర్ మాస్టారే దిక్కు. ఒకప్పుడు సినిమాల్లో గ్లాసులు వాటంతటవే జరిగాయంటే, తాళాలు వాటంతటవే ఊడాయంటే అది ఆయన చేతి పని. కంప్యూటర్లు వచ్చాక పిలిచేవాళ్లు తగ్గారు. ఆరేళ్లుగా నా సామాన్లన్నీ ఆయనే చూసేవారు, డాక్టరు రోగిని నిలదీసినట్టు.

"కింద పడేశావా?"

"జర పడ్డది మాస్టారూ."

"జర పడటం ఏంటమ్మా? పడితే పడినట్టే! ఎండలో కూడా పెట్టి ఉంటావు."

రాగి తీగ చుట్టలో నీరసించిన అయస్కాంతం ముక్కను పెట్టి, పాత కారు బ్యాటరీకి తీగ కొసను కనురెప్పపాటు తాకించేవారు. చిటుక్కుమని ఒక మెరుపు. వెంటనే గుండుసూదుల డబ్బాలో ముంచి, ఎన్ని వేలాడాయో చూసి, ఉత్తరం కొసకు అత్తమ్మ గోళ్లరంగుతో ఎర్ర చుక్క పెట్టేవారు. "ఎర్రగడ్డ అంగడిల కొత్తది దొర్కుతది కదా, అదే పెట్టియ్యరాదు?" అని ఒకసారి అడిగితే ఎగిరి పడ్డారు. "కొత్తది పెడితే ఠక్కున తిరిగిపోద్ది. చిలకన్నాక కాస్త ఆలోచించొద్దూ?"

ఆయన తరచూ ఒక మాట అనేవారు: "అయస్కాంతం చచ్చిపోదమ్మా, మరిచిపోతుంది. మనం గుర్తుచేయాలంతే." అలా అన్న మనిషే చివరి రోజుల్లో మరవడం మొదలుపెట్టారు. టీ తాగి, టీ ఇవ్వలేదని అత్తమ్మతో తగువు పెట్టుకునేవారు. నా చిలక సంగతి మాత్రం మరవలేదు. "పలక కూడా పట్టుకురా. అది చూడకుండా చిలకను ఎటు పెట్టాలో నాకెలా తెలుస్తుంది?" అని మూడుసార్లు ఫోన్ చేశారు. మూడుసార్లూ "రేపు తెస్త" అన్నాను. తేలేదు.

పదకొండో రోజు భోజనాలయ్యాక పలక పట్టుకుని కూర్చున్నాను. అత్తమ్మ చిలకను పాత తువ్వాలు విప్పి ఇచ్చింది. పీట కింద ఎర్ర చుక్క తాజాగా ఉంది. తేనె ఇచ్చేది ఎవరని అడిగి అద్దం మీద పెట్టాను. చిలక తిరిగింది. మధ్యలో ఆగి, ఆలోచించి, మళ్లీ తిరిగింది. మా నాన్న కాలంలో ఎలా తిరిగేదో అలాగే. తిరిగి, ఏనుగును చూపించింది. పాలిచ్చేది ఎవరంటే బల్లి అంది. ఏది అడిగినా సరిగ్గా ఎదుటి జవాబే; అయస్కాంతం కొసలు తారుమారయ్యాయి.

మాస్టారు మరిచిపోయారా? పలక లేక తెలియలేదా? ఆ చుక్క పెట్టేటప్పుడు ఆయన మనసులో ఏముంది? ఏడుపొచ్చేసింది. "నేనే పలక తేలేదత్తమ్మా, గల్తీ నాదే. ఆఖరి పని నేనే ఖరాబు చేసిన" అన్నాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పలక మీదకు వంగింది. "ముక్కు వైపే ఎందుకు చూస్తావు? తోక చూడు."

తోక ఆవు మీద ఉంది. మళ్లీ తేనె అడిగాను. తోక తేనెటీగ మీద ఆగింది.

"మీ మాస్టారు మాత్రం ఏనాడైనా ఎదురుగా చెప్పారా?" అంది అత్తమ్మ. నిజమే. ఆరేళ్లలో నా షో చూసి ఒక్కసారి కూడా బాగుందనలేదు. "చేతులు చూసుకో" అని లేచి వెళ్లిపోయేవారు. అందుకే నాకు పని రాదనే అనుకుంటూ వచ్చాను. "నువ్వు గేటు దాటాక గంటసేపు నీ గురించే. ఆ పిల్ల చేతుల్లో పనితనం ఉందే అనేవారు" అంది ఆవిడ.

అది పొరపాటో, కావాలనే చేశారో నాకు ఈరోజుకీ తెలియదు. అత్తమ్మ ఇచ్చేసిన ఆ తీగ చుట్ట, బ్యాటరీ నా దగ్గరే ఉన్నాయి. చిలకను కనురెప్పపాటులో సరిచేయొచ్చు. చేయలేదు. మొన్న ఒక పుట్టినరోజుకు దాన్ని అలాగే తీసుకెళ్లి అద్దం మీద పెట్టాను. చిలక తిరిగింది, కాస్త ఆలోచించింది, తర్వాత ముక్కు అటు పెట్టి, తోకను జవాబు మీద ఉంచి, నాకు వీపు చూపిస్తూ నిలబడింది.